పాటలను ఫైళ్లుగా కొని దాచుకోవడం ఇంకా అవసరమా? అయితే ఏ నాణ్యతలో?

రాయగడ శ్రోత:
నా దగ్గర కర్ణాటక సంగీత కచేరీల సీడీలు, పాత లలిత గీతాల సీడీలు ఒక పెట్టెడు ఉన్నాయి. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటే లేదు. ఒకప్పుడు మెమరీ కార్డులో తెలుగు, ఒడియా పాటలు నింపి ఇచ్చిన మా బజారు మొబైల్ దుకాణాలు ఇప్పుడు రీఛార్జీలకు, స్క్రీన్ గార్డులకు పరిమితమయ్యాయి. పిల్లలేమో నెలకింత కట్టి స్ట్రీమింగ్‌లో వినమంటున్నారు గాని, కోరాపుట్ వైపు రైలెక్కితే సొరంగం వచ్చినప్పుడల్లా సిగ్నల్ పోతుంది. అందువల్ల పాటలు ఫైళ్లుగా నా వద్దనే ఉండాలని నా కోరిక. ఈ సీడీలను 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3లుగా మార్చుకుంటే చాలునా, ఫ్లాక్ అనే ఫైలు రకంలో ఉంచాలా? కొత్తవి కొనేటప్పుడు 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని అమ్మేవాటికి అదనంగా డబ్బు పెట్టడం సమంజసమేనా?

పర్లాకిమిడి రసికుడు:
అయ్యా, సీడీలు చేతిలో ఉండగా వాటిని నేరుగా ఎంపీ3 చేయకండి. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి కొని, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫ్లాక్‌లోకి ఎక్కించండి. సీడీలో ఉన్నది 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ధ్వని, అంటే సెకనుకు 1411 కిలోబిట్లు. ఫ్లాక్ దానిని కుదిస్తుందే తప్ప ఏదీ పారవేయదు. ఎంపీ3 మాత్రం చెవికి అందదని లెక్కగట్టిన భాగాన్ని శాశ్వతంగా తీసివేస్తుంది. ఫ్లాక్ నుండి ఎంపీ3 ఎప్పుడైనా తయారవుతుంది గాని, ఎంపీ3లో పోయినది మళ్లీ రాదు. గంట కచేరీ ఫ్లాక్‌లో సుమారు 300 నుండి 400 మెగాబైట్లు ఉంటుంది కనుక 128 జీబీ కార్డులో దాదాపు 300 గంటల సంగీతం పడుతుంది.

320 ఎంపీ3కీ సీడీకీ తేడా చాలామంది పట్టుకోలేరు, నేనూ చాలా పాటల్లో పట్టుకోలేను. 128 కేబీపీఎస్‌లో మాత్రం తేడా దాగదు. మృదంగం మీద దెబ్బ పడేందుకు లిప్తపాటు ముందే సన్నని బుస వినిపిస్తుంది, తాళాల మోత నీళ్లలోంచి వస్తున్నట్లు అలుక్కుపోతుంది.

192 కిలోహెర్ట్జ్ ఫైలు 96 కిలోహెర్ట్జ్ వరకు ధ్వనులను నిలుపగలదు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినలేదు, వయసు మీదపడితే అదీ తగ్గుతుంది. 24 బిట్ అనేది రికార్డు చేసే స్టూడియోకు పనికివస్తుంది. వినేవారికి అతి మెల్లని, అతి గట్టి ధ్వనుల మధ్య 16 బిట్ ఇచ్చే 96 డెసిబెళ్ల వ్యత్యాసమే మిగిలిపోయేంత ఉంటుంది. ఆ అదనపు డబ్బుతో మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కోండి.

బరంపురం వాసి:
సాంకేతిక విషయంలో నాకు అభ్యంతరం లేదు గాని, ఇంత శ్రమ ఎందుకన్నది నా సందేహం. నాణ్యత కోసమే కొనాలన్న వాదనకు ఇప్పుడు బలం లేదు. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లోనే అదనపు రుసుము లేకుండా లాస్‌లెస్ (ఏదీ పారవేయని ధ్వని) ఇచ్చింది, స్పాటిఫై కూడా 2025 సెప్టెంబరులో మొదలుపెట్టింది. పైగా మనలో ఎక్కువమంది వినేది బ్లూటూత్‌లో. అందులో ధ్వనిని పంపే పద్ధతుల్లో మేలైనదిగా పేరున్న ఎల్‌డ్యాక్ కూడా 990 కేబీపీఎస్ దాటదు, అంటే దానిలో సీడీ స్థాయి ధ్వని యథాతథంగా చెవికి చేరదు. వైరు లేకుండా వినేవారు ఫ్లాక్ గురించి మథనపడటం నాకు విడ్డూరంగానే తోస్తుంది. రైలు సంగతంటారా, యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుని బయలుదేరవచ్చు.

జయపురం శ్రోత:
కొత్త పాటల మట్టుకు ఆ మాట నిజమే. అయితే యాప్‌లోని డౌన్‌లోడ్ ఆ యాప్‌కే తాళం వేసి ఉంటుంది. చందా ఆపితే మోగదు, హక్కుల ఒప్పందం ముగిస్తే చందా కడుతున్నా జాబితాలో ఆ పాట బూడిదరంగుకు మారి మూగబోతుంది. 2003లో మొదలైన ఆపిల్ వారి ఐట్యూన్స్ స్టోరు సైతం అమ్మిన పాటలకు వేసిన తాళాన్ని 2009లో తీసివేసింది. అమ్మకం అంటే అది. పాటలు అమ్మే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైటులో నేటికీ కొన్న ఆల్బమ్‌ను ఫ్లాక్‌లో దించుకోవచ్చు. మన పాత సంగీతం అక్కడ దొరకడం అరుదు కనుక మీ సీడీల పెట్టెను తేలికగా చూడకండి.

పాతవాటి విషయంలో అంకెల కన్నా మూలం ముఖ్యం. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలు పట్టే 78 ఆర్‌పీఎం రికార్డు నుండి తీసిన వయొలిన్‌ను 192 కిలోహెర్ట్జ్‌లో నింపినా కొత్తగా చేరేది గీతల చప్పుడే. ఆ చప్పుడు తుడవబోయి కమాను తీగను తాకే ఒరిపిడిని కూడా తుడిచేసిన రీమాస్టర్లు ఉన్నాయి. నేను వాటికంటే చప్పుడున్న ప్రతినే ఎంచుకుంటాను. ఇంకొక జాగ్రత్త: ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి అంటగట్టేవారు ఉంటారు. ఫైలులో ఎన్ని కిలోహెర్ట్జ్ వరకు ధ్వని ఉందో బొమ్మగా చూపే స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. ఇటీవలి స్టూడియో రికార్డింగు 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్లు తెగిపోతే అనుమానించవలసిందే.

రాయగడ శ్రోత:
డ్రైవు తెప్పించుకుంటాను. మా కారులోని పాత సెట్టు ఫ్లాక్ చదవదు, దానికేమి దారి?

పర్లాకిమిడి రసికుడు:
అసలు ఫ్లాక్‌లను ఇంట్లో రెండు చోట్ల ఉంచి, కారు కోసం 256 లేదా 320 ఎంపీ3 ప్రతులు వేరుగా తీసుకోండి. పాత సెట్లు చాలావరకు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవునే గుర్తిస్తాయి, కాబట్టి పెన్‌డ్రైవును ఆ పద్ధతిలోనే ఫార్మాట్ చేయండి. అందుకు 32 జీబీది చాలు.