అప్‌డేట్: హీటర్ రాడ్ బానే ఉంది, లెక్క తేలింది

మొన్న అడిగా కదా, 1500 వాట్స్ హీటర్ రాడ్ సాయంత్రం పూట బకెట్ నీళ్ళు కాగడానికి అంత లేట్ చేస్తోంది, రాడ్ పోయిందా అని. వోల్టేజ్, కరెంట్ రెండూ కొలవమన్నారు, కొలిచా.

కోఠి గుజరాతీ గల్లీలో క్లాంప్ మీటర్ (వైర్ చుట్టూ పట్టుకుని కరెంట్ కొలిచేది) తీస్కున్నా (బేరమాడకపోతే అక్కడ అంతే సంగతులు). రాడ్ ఆన్‌లో ఉన్నప్పుడు 212 వోల్ట్స్, 6 ఆంప్స్. క్లాంప్ ఒక్క వైర్‌కే పెట్టాలి, మొత్తం కేబుల్‌కి పెడితే పోయే కరెంట్ వచ్చే కరెంట్ క్యాన్సిలై సున్నా చూపిస్తది, అందుకే మా ఎలక్ట్రీషియన్ అన్న వైర్లు విడివిడిగా ఉండే ఎక్స్‌టెన్షన్ చేసిచ్చిండు.

212ని 6తో భాగిస్తే రాడ్ రెసిస్టెన్స్ 35.3 ఓమ్స్. రేటింగ్ (230 వోల్ట్స్ దగ్గర 1500 వాట్స్) నుంచి చూసినా, 230 స్క్వేర్‌ని 1500తో భాగిస్తే అదే 35.3! అంటే రాడ్‌కి ఏం కాలే. కానీ పవర్ 212 ఇంటూ 6, 1272 వాట్సే. వోల్టేజ్ తగ్గింది 8 శాతమే, పవర్ మాత్రం 15 శాతం పోయింది, ఎందుకంటే వోల్టేజ్‌తో పాటు కరెంట్ కూడా తగ్గుద్ది కదా.

చల్లగా ఉన్నప్పుడే ఓమ్స్ కొలిస్తే సరిపోద్దన్నారొకరు. రాడ్‌లో ఉండే నైక్రోమ్ తీగకి (నికెల్-క్రోమియం మిశ్రమం) ఓకే, పెద్ద తేడా రాదు. పాత 100 వాట్స్ ఫిలమెంట్ బల్బుకి మాత్రం కుదరదు, వెలిగేటప్పుడు 529 ఓమ్స్ ఉండాల్సింది చల్లగా అయితే అందులో పదో వంతు కూడా చూపించదు.

ఫ్రిజ్‌కి ఈ లెక్క వెయ్యట్లేదు, అక్కడ పవర్ ఫ్యాక్టర్ గొడవుంది (మోటర్ కాబట్టి వోల్ట్స్ ఇంటూ ఆంప్స్ చేస్తే అసలు వాట్స్ రావు), వాట్‌మీటర్ కావాల్సిందే.