పాస్‌వర్డ్ కోడ్‌లోనే రాసేశాను, ఇప్పుడేం చేయాలి?

పర్లాకిమిడి తమ్ముడు:
అన్నలూ, అక్కలూ, మా బావ కొమ్ము బొమ్మల కొట్టుకి పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో స్టాకు లెక్కల ప్రోగ్రాం రాశాను. సరుకు పేర్లు ఒడియాలోనూ తెలుగులోనూ చక్కగా వస్తున్నాయి. డేటాబేస్ పాస్‌వర్డ్ మాత్రం 14 ఫైళ్లలో నేరుగా కొట్టేశాను. బరంపురంలో ఉన్న ఫ్రెండుకి చూపిద్దామని మొన్న గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టుకునే సైటు) పబ్లిక్‌గా పెడితే, చూసి తిట్టాడు. ఆ లైన్లు తీసేసి మళ్లీ కమిట్ చేశాను, అంటే గిట్‌లో మార్పు సేవ్ చేశాను. సరిపోతుందా?

జయపురం అన్న:
సరిపోదు తమ్ముడూ. పాత కమిట్ తెరిస్తే పాస్‌వర్డ్ అక్కడే ఉంటుంది. ముందు డేటాబేస్‌లో పాస్‌వర్డ్ మార్చు, మార్చాకే మిగతాది చదువు. హిస్టరీ చెరపడం తర్వాత సంగతి. ఈలోపు ఎవరైనా క్లోన్ చేసుకుని ఉంటే వాళ్ల కాపీని నువ్వు చెరపలేవు కదా.
ఇంతకీ రూట్‌తోనే, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌తోనే కనెక్ట్ అవుతున్నావా?

పర్లాకిమిడి తమ్ముడు:
మార్చేశాను. అవునన్నా, రూటే.

జయపురం అన్న:
అనుకున్నాను! ఆ ఒక్క డేటాబేస్‌కే వేరే యూజర్‌ని చేయి. సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ అనుమతులు ఇస్తే చాలు. కోడ్‌లో ఎక్కడ తప్పు దొర్లినా టేబుల్ డ్రాప్ అవ్వదు, అంటే టేబులే ఎగిరిపోదు.
తర్వాత, వెబ్‌లో కనబడే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌కి ఒక మెట్టు పైన కాన్ఫిగ్ డాట్ పీహెచ్‌పీ అని ఫైలు పెట్టు. హోస్ట్, డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ నాలుగూ ఒక అర్రేలో రాసి రిటర్న్ చేయి. కనెక్షన్ తెరిచే పని ఒక్క ఫైలుదే, మిగతావన్నీ దాన్ని రిక్వైర్‌తో కలుపుకోవాలి. రేపు పాస్‌వర్డ్ మారితే ఒక్కచోటే మారుస్తావు. పీహెచ్‌పీ నీ హోస్టింగ్ అకౌంట్ కిందే నడుస్తుంటే ఫైలు పర్మిషన్ 600 (ఆ అకౌంట్ ఒక్కటే చదవగలదు, రాయగలదు) పెట్టు. గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితాలో, దాని పేరు రాయడం మర్చిపోకు. ఇప్పటికే కమిట్ చేసిన ఫైలుని గిట్‌ఇగ్నోర్ పట్టించుకోదు, అది కూడా గుర్తుంచుకో.

రాయగడ అక్క:
ఇలాంటి సెట్టింగులు రాసుకునే డాట్ ఈఎన్‌వీ ఫైలు వాడొచ్చుగా?

జయపురం అన్న:
వాడొచ్చండి. దాన్ని మాత్రం వెబ్ ఫోల్డర్‌లో పడేయకూడదు. నేనొకసారి అలాగే పెట్టి, బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి చూస్తే పాస్‌వర్డ్‌తో సహా ఉత్తరంలా తెరుచుకుంది! పీహెచ్‌పీ ఫైలైతే మామూలుగా అలా కనబడదు. కానీ సర్వర్‌లో పీహెచ్‌పీ సెట్టింగ్ చెడితే అదీ టెక్స్ట్‌గానే బయటపడుతుంది. అందుకే పై ఫోల్డర్ అన్నాను.

పర్లాకిమిడి తమ్ముడు:
అంతా చెప్పినట్టే చేశాను. ఇప్పుడు యాక్సెస్ డినైడ్ అంటోంది. అదే పాస్‌వర్డ్ పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (బ్రౌజర్‌లో డేటాబేస్ చూసుకునే ప్రోగ్రాం) కొడితే లోపలికి వెళ్తోంది. ఇదేటన్నా?

రాయగడ అక్క:
కొత్త పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉందా? డబుల్ కోట్స్‌లో రాశావా? అలా రాస్తే డాలర్ తర్వాతి అక్షరాలని పీహెచ్‌పీ వేరియబుల్ అనుకుని వాటి చోట ఖాళీ పెట్టేస్తుంది. సింగిల్ కోట్స్ పెట్టి చూడు.

పర్లాకిమిడి తమ్ముడు:
వచ్చేసింది అక్కా! బావ కొట్టు తెరవకముందే అయిపోయింది. ఆయనకి ఇదేం తెలీదు, చెప్పను కూడా.