నెలకు 500 రూపాయలతో నాణేల సేకరణ: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: రాజుల కాలం నాణేలు కాదు, 1992 తర్వాత చలామణీలోకి వచ్చినవి కూడబెట్టాలనుంది. దేనితో మొదలుపెట్టాలి? ఎందులో దాచాలి?

జవాబు 1: అన్నీ ఏరకండి, ఒక్క విలువే పట్టుకోండి. 2 రూపాయలే తీసుకోండి: 1992 నుంచి 11 పలకల కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం), 2005 నుంచి గుండ్రటి స్టీలు, 2011 నుంచి ₹ గుర్తు. సంవత్సరం కింద టంకశాల గుర్తు, అంటే నాణెం ఎక్కడ ముద్రించారో చెప్పే గుర్తు చూడండి. నక్షత్రం మన హైదరాబాదు, వజ్రం ముంబయి, చుక్క నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాదిలో గుర్తు మారితే అది వేరే నాణెం కిందే లెక్క. చిల్లరలో ముఖవిలువకే దొరుకుతాయి కాబట్టి డబ్బంతా ఆల్బమ్‌కే పెట్టండి.

జవాబు 2: ఆల్బమ్ అంటే పీవీసీది మాత్రం వద్దండీ. కొత్త రెక్సిన్ వాసన కొడితే అనుమానించండి. అందులో మెత్తదనానికి కలిపిన రసాయనం మెల్లగా ఊరి, కుప్రోనికెల్ మీద జిగట పచ్చపొర కడుతుంది. మైలార్ (పీవీసీ కాని పారదర్శక ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్ట ఫ్రేములు కొనండి. 10, 20 రూపాయల నాణేలు 27 మి.మీ., కిటికీ అంతకన్నా కాస్త పెద్దదుండాలి. ఫ్రేమును మూసే స్టేపుల్ పిన్ను కాళ్లను పట్టకారుతో అణచకపోతే పక్క నాణెం గీసుకుపోతుంది.

చింతపండుతో తోమారో, మెరుపుతోపాటు విలువా పోతుంది. జిడ్డుంటే గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి, మంటకు దూరంగా నానబెట్టి, రుద్దకుండా ఆరనివ్వండి.

జవాబు 3: వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలిస్తామని ముందుగా ఫీజు అడిగేవాళ్లను నమ్మకండి. తన పేరుతో జరుగుతున్న ఇలాంటి మోసాలపై రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.