‘మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు’: ఇక్కడ నరం ఏది?

పై వాక్యంలోని నరం మెదడు కబుర్లు మోసే నాడియా, నెత్తురు పారే రక్తనాళమా అని నిన్న ఒక మిత్రులు అడిగారు. అది నిస్సందేహంగా రక్తనాళమే. గట్టిగా అరిచినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి, తల నుంచి గుండెకు దిగవలసిన నెత్తురు కాస్త నిలబడిపోతుంది కనుక, మెడ పక్కన చర్మం కిందే ఉన్న సిర పొంగి కనబడుతుంది. నాడి ఎంత అరిచినా ఉబ్బదు. చిత్రమేమిటంటే, ఆ సిరకు కొద్దిగా వెనకగా, మెడ పక్క కండరం మీదుగా, ఒక నాడి కూడా చెవి వైపు ఎక్కుతుంది. చెవి తమ్మెకూ దవడ మూలకూ స్పర్శ తెలిసేది దాని వల్లనే. మామూలుగా అది కంటికి ఆనదు. కుష్ఠువ్యాధిలో మందమెక్కినప్పుడు మాత్రం, తల అవతలి పక్కకు తిప్పితే, తాడులా తేలి కనిపిస్తుంది.

సెలైను పెట్టే నర్సు ‘నరం దొరకడం లేదండీ’ అంటే సిర; పొద్దున లేచి ‘మెడ నరం పట్టేసింది’ అంటే చాలావరకు కండరం; ‘నరాల డాక్టరు’ అన్నప్పుడే అసలు నరం. దీన్ని జనం అజ్ఞానమనడం నాకు నచ్చదు. మన నరానికి చుట్టమైన తమిళ ‘నరంబు’ యాళ్ వాద్యపు తీగకు కూడా పేరు. గ్రీకుల ‘న్యూరాన్’ కూడా మొదట కండరాన్ని ఎముకకు కట్టే తాడుకూ వింటినారికీ చెల్లిన మాటే. ఒంట్లో తాడులా తగిలిందల్లా నరమే అనుకోవడం మన ఒక్కరి అలవాటు కాదు.

చిక్కు ఎక్కడ వస్తుందో విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో చూశాను. మా వదినకు థైరాయిడ్ ఆపరేషన్. సంతకానికి ఇచ్చిన కాగితంలో ‘నరం దెబ్బతింటే గొంతు బొంగురుపోవచ్చు’ అని ఉన్నది చదివి వినిపించగానే, చోడవరం వైపు నుంచి వచ్చిన అత్తయ్య, వదిన వాళ్ళ అమ్మగారు, ‘నరం తెగితే నెత్తురంతా పోదా బాబూ?’ అని కంగారుపడ్డారు. ‘అది నెత్తురు నరం కాదమ్మా, గొంతు నరం’ అన్నారు డాక్టరు గారు. ఆమె కుదుటపడ్డారు.

ఆ గొంతు నరం కథ విచిత్రమైనది. తల నుంచి దిగే వేగస్ నాడికి అది శాఖ. ఎడమ వైపున ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే మహాధమని వంపు కింద చుట్టి, శ్వాసనాళానికీ అన్నవాహికకూ నడుమనున్న గాడిలో మళ్ళీ పైకి వచ్చి స్వరపేటికను చేరుతుంది. కుడి వైపున చేతికి పోయే ధమనినే చుట్టి తిరిగివస్తుంది. మెడలో అది రెండు వైపులా థైరాయిడ్‌ను ఆనుకునే ఉంటుంది కనుకనే ఆ జాగ్రత్తంతా. దీన్ని ‘తిరుగు స్వర నాడి’ అంటే బాగుంటుందేమో.

‘అయితే అన్నిచోట్లా నాడి అనే రాద్దాం’ అని మరొక మిత్రులు అన్నారు. ఒప్పుకోలేను. నాడి పట్టి చూడడమంటే మణికట్టు దగ్గర కొట్టుకునే ధమనిని చూడడమే కదా! పాఠ్యపుస్తకంలో కపాల నాడులు 12 జతలు, వెన్ను నాడులు 31 జతలు అన్నప్పుడు సమాసమే అర్థాన్ని కాపాడుతుంది. మెడ ఎముకలు 7 అయినా మెడ నాడులు 8 జతలని చెప్పేటప్పుడు కూడా ఇబ్బంది లేదు. మొదటి జత మొదటి ఎముకకు పైనుంచే వస్తుంది మరి. విడిగా ‘నాడి’ అని రోగి చేతికిచ్చే కాగితంలో రాస్తే మాత్రం అత్తయ్య మణికట్టు చూసుకుంటారు. అక్కడ డాక్టరు గారిలా పనిని బట్టి గొంతు నరం, చెవి నరం అనడమే మేలు. సిరకు రక్తనాళమన్న మాట ఉండనే ఉంది.

మర్నాడు పొద్దున్న డాక్టరు గారు వదినను ‘ఈ’ అని సాగదీసి పలకమన్నారు. గొంతు సన్నగానైనా స్పష్టంగానే వచ్చింది. ‘నరం నిలబడింది’ అన్నారు అత్తయ్య; ఏ నరమని ఎవరూ అడగలేదు.