సమస్యాపూరణం: నిప్పు కాలు ననుచు నిప్పె చెప్పె

నిర్వాహకుడు, బరంపురం:
నిన్న కొత్త బస్టాండు దగ్గర కిరాణా కొట్టులో అగ్గిపెట్టెల కట్ట కొన్నాను. కట్ట మీద "నిప్పుకు దూరంగా ఉంచండి" అని ఉంది. పక్కనే టీ కొట్టులో కాగితం గ్లాసు తీసుకుంటే, దాని మీద "జాగ్రత్త, లోపల వేడి" అని ఉంది. ఇంటికి వచ్చేసరికి ఈ పాదం నోట్లో ఆడుతోంది. ఇదే చివరి పాదంగా ఆటవెలది పూరించండి.

నిప్పు కాలు ననుచు నిప్పె చెప్పె

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
పాదం బాగుంది. ఒక్క సందేహం. నిప్పు కాల్చును గాని, కాలునా?

నిర్వాహకుడు:
మాస్టారూ, పిల్లవాడు పొయ్యి వైపు పాకితే "అమ్మో, నిప్పు! కాలుతుంది" అనే కదా అంటాం. ఆ మాటనే పాదంలో పెట్టాను.

నాగావళి, రాయగడ:
పాలపొట్లమందు పాలు గలవటంచు
వేడి కాఫీ పైన వేడి యనుచు
తెలిసినట్టి దెల్ల తెలియజెప్పెడు నాడు
నిప్పు కాలు ననుచు నిప్పె చెప్పె

వెన్న పొట్లం మీద "ఇందులో పాలు ఉన్నవి" అని మా అమ్మాయి చదివి వినిపించింది. పాలు పడని వారి కోసం అలా రాయాలన్న నిబంధన ఉంది. అది తెలిసే పూరించాను.

మహేంద్రతనయ:
మూడో పాదం పట్టు బాగుంది. కాని రెండో పాదంలో "కాఫీ" దగ్గర కాలు జారింది. ఫీ దీర్ఘం. ఆ పాదంలో అన్నీ సూర్యగణాలే రావాలి, అంటే గురువు వెంట లఘువు, లేదా మూడు లఘువులు. ఇక్కడ సూర్యగణం ఎక్కడ మిగిలింది? "కాఫి" అంటే సరిపోయేది.

నాగావళి:
"కాఫి" అని ఏ ఇంట్లో అంటారు మాస్టారూ? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని, జనం నోట లేని మాట రాయమంటారా?

మహేంద్రతనయ:
గిడుగు వారు పోరాడింది వచనం కోసం, బడిపిల్లల చదువు కోసం. గణం తప్పవచ్చని ఆయన ఎక్కడా అనలేదు.

నాగావళి:
మరి "రైలు లేని యూరు రైలు నెక్కె" సమస్యకు మీరేం చేశారో మరిచిపోయారా? నౌపడా చిన్న రైలు మీద పద్యం రాస్తూ గుణుపూరును గుణుపురం చేశారు. ఊరి పేరులో దీర్ఘాన్ని మీరు మింగవచ్చు, కాఫీలో దీర్ఘాన్ని నేను ఉంచుకోకూడదు!

వంశధార, గుణుపురం:
మధ్యలో మా ఊరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా తాతలు గుణుపురమే అనేవారు. సంతలో ఈనాటికీ అలాగే వినిపిస్తుంది. ఆ విషయంలో మాస్టారిది తప్పు కాదు. ఫీ విషయంలోనూ తప్పు కాదు.

మహేంద్రతనయ:
ధన్యవాదాలు బాబూ. నా పూరణ ఇది.

చెప్పి చెప్పి బామ్మ చేతులు జోడించె
వినని చంటివాడు వేలు పెట్టె
పెద్దవారి మాట పెడచెవి బెట్టగా
నిప్పు కాలు ననుచు నిప్పె చెప్పె

నాగావళి:
ధార మీది, కాదనను. "నిప్పె" అన్న మాటకు న్యాయం జరిగింది. కాని మొదటి పాదంలో బామ్మ చెప్పి చెప్పి అలసిపోయింది, రెండో పాదంలో వాడు వినలేదు. మూడో పాదంలో మళ్ళీ "పెడచెవి" ఎందుకు? మూడు పాదాలలో ఒకే సంగతి రెండుసార్లు వచ్చింది.

మహేంద్రతనయ:
పునరుక్తి ఉంది. ఒప్పుకుంటున్నాను. "పెడచెవి" మీద మోజుతో ఆ పాదం వదులుకోలేకపోయాను.

వంశధార:
కాఫీ మాట వచ్చింది కాబట్టి. 1992లో అమెరికాలోని అల్బుకర్కీలో 79 ఏళ్ళ పెద్దావిడ మెక్‌డొనాల్డ్స్ కాఫీ ఒడిలో ఒలికి తీవ్రంగా కాలిపోయింది. దావా వేస్తే లోకమంతా నవ్వింది, కాఫీ వేడిగా ఉంటుందని తెలియదా అని. ఆ కాఫీ 80 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంది. ఆవిడ 8 రోజులు ఆసుపత్రిలో ఉంది, చర్మం అతికించారు. అంతకుముందే వందల ఫిర్యాదులు వచ్చాయని విచారణలో తేలింది. కప్పు మీద హెచ్చరిక అప్పటికే ఉంది, కాని చాలదని 1994లో జ్యూరీ తేల్చింది. నవ్విన వారికి ఇందులో సగం కూడా తెలియదు. ఆ కథ విన్న తరువాత గ్లాసు మీద "వేడి" అన్న మాటను నేను తేలికగా తీసుకోలేకపోతున్నాను.

మన దగ్గర 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్, అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని తయారీదారుని బాధ్యుణ్ణి చేయలేమంటుంది. నిప్పు కాలుతుందని నిప్పు చెప్పనక్కరలేదన్న మాట. కాని "అందరికీ" అంటే ఎవరు? మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద పలక ఒడియాలో ఉంది. మా అత్తకు తెలుగు తప్ప మరో అక్షరం రాదు.

లిపులు రాని వాడు లేబులు చదువునే
పుఱ్ఱె బొమ్మ కూడ పొట్టి దయ్యె
చెప్పువారు లేక చేయి తాకించిన
నిప్పు కాలు ననుచు నిప్పె చెప్పె

నిర్వాహకుడు:
"పుఱ్ఱె", "పొట్టి" యతి చక్కగా కుదిరింది. "లేబులు" విని మాస్టారు ఊరుకున్నారు, ఆశ్చర్యం!

మహేంద్రతనయ:
లేబులులో గణం తప్పలేదు కదా. నా పట్టింపు ఎప్పుడూ మాట మీద కాదు, మాత్ర మీద. నాగావళి గారు ఇది గుర్తు పెట్టుకోవాలి.

నాగావళి:
పెట్టుకున్నాను. "వేడి కాఫి పైన" అని సవరించాను, చూడండి. మనసు మాత్రం ఒప్పలేదు.

ఋషికుల్య, గంజాం:
అందరి పూరణలూ చదివాను. నాది కొంచెం ఆలస్యమైంది.

అడ్డపొగను పీల్చు నవ్వ నాలుక చెంత
మండుచున్న చుట్ట మందలించె
నోటి పైని కప్పు నుసిగ మారిన నాడు
నిప్పు కాలు ననుచు నిప్పె చెప్పె

నాగావళి:
అమ్మా! నిప్పును నోట్లోనే పెట్టి మాట్లాడించారు. మేమందరం పొట్లాలు, గ్లాసులు పట్టుకుని తిరిగాం.

వంశధార:
అడ్డపొగ తెలియని వారి కోసం: చుట్టను తిరగేసి, కాలే కొన నోట్లోకి వచ్చేలా పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్ద వయసు ఆడవారిలో ఈ అలవాటు ఎక్కువ. వేడికి అంగిలి దెబ్బతిని, చివరకు క్యాన్సరు దాకా పోతుంది.

మహేంద్రతనయ:
ఒక్క మాట. మొదటి పాదంలో "పీల్చు నవ్వ" దగ్గర చదువరి "నవ్వ" అని విడదీసి నవ్వు అనుకునే ప్రమాదం ఉంది. సంధి సరైనదే, యతి సరైనదే. అయినా ఆ ఒక్క చోట మాట తడబడుతుంది.

ఋషికుల్య:
నిజమే మాస్టారూ. కాని "అవ్వ" తీసేయలేను. ఆవిడ మా అవ్వ. చిన్నప్పుడు ఆవిడ ఒడిలో పడుకుని, ఆ నోట్లోని చుట్ట వైపే చూసేదాన్ని. పెదవులు మూసే ఉండేవి. పొగ ముక్కులోంచి వచ్చేది. "కాలదా అవ్వా?" అని అడిగితే చుట్ట తీసి, బూడిద దులిపి, "అలవాటే తల్లీ" అనేది. పొడి రొట్టె కూడా మింగలేని రోజు వచ్చాకే ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

సిగరెట్టు పెట్టె మీద 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంది. అవ్వ చుట్టలు సంతలో నారతో కట్టి అమ్మేవారు. పెట్టె లేదు, కాగితం లేదు. బొమ్మ ఎక్కడ వేస్తారు?

నాగావళి:
మాస్టారూ, ఆ "నవ్వ" సంగతి ఇక వదిలేయండి.

మహేంద్రతనయ:
వదిలేశాను. "మందలించె" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మా అమ్మ కూడా అడ్డపొగే పీల్చేది. పర్లాకిమిడి కోట వెనుక వీధిలో ఆ కాలంలో ప్రతి అరుగు మీదా ఒకరు కనిపించేవారు. ఎవరూ మందలించలేదు. నేనూ మందలించలేదు.

నిర్వాహకుడు:
ఈ వారానికి ఋషికుల్య గారి పూరణనే ముందు ఉంచుతున్నాను. తరువాతి పాదం ఆదివారం.