అటక మీద దొరికిన ఎర్రముక్కు ఇంజిన్: మళ్లీ రంగు వేయించాలా?

కోట_జంక్షన్: విజయనగరంలో ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక ఖాళీ చేస్తే, మావయ్య ఎప్పుడో అమెరికా నుంచి తెచ్చిన లయొనెల్ బొమ్మ రైలు బయటపడింది. ముక్కు ఎరుపు, ఒళ్లంతా వెండి రంగు, మధ్యలో పసుపు, నలుపు గీతలు. ఎరుపు అక్కడక్కడ పెచ్చులూడింది. కార్లకు రంగులేసే కుర్రాడికి ఇద్దామనుకుంటున్నా. మా గుంటడికి రిమోట్ కార్లు ఎన్నున్నా దీన్నే వదలడం లేదు. ఏముందండీ ఈ రంగులో?

ఆమదాలవలస_లూప్‌లైన్: ముందు ఆ కుర్రాడికి ఫోన్ చేసి వద్దని చెప్పండి! పాత బొమ్మలు దాచుకునేవాళ్లు పెచ్చులూడినా అసలు రంగునే ఇష్టపడతారు. అది అమెరికాలోని శాంటా ఫే రైల్వే వాళ్ల ‘వార్‌బానెట్’ రంగుల తీరు. 1937లో షికాగో–లాస్ ఏంజెలెస్ సూపర్ చీఫ్ రైలు కోసం ఆ ఇంజిన్ తయారుచేసిన జనరల్ మోటార్స్‌లో పనిచేసే లీలాండ్ నికర్‌బాకర్ గీశాడు. అక్కడి ఆదివాసీ నాయకుల ఈకల తలపాగా వెనక్కి జారినట్టు, ఎరుపు ముక్కు మీంచి పక్కలకు దిగుతుంది. పెట్టెలు స్టెయిన్‌లెస్ స్టీలువి కాబట్టి ఇంజిన్‌కీ వెండి రంగు.

లయొనెల్ ఈ బొమ్మను 1948లో తెచ్చింది. అచ్చుల ఖర్చులో జనరల్ మోటార్స్, శాంటా ఫే, న్యూయార్క్ సెంట్రల్ అనే మరో రైల్వే కూడా వంతు వేసుకున్నాయి. అదే అచ్చులో న్యూయార్క్ సెంట్రల్ బూడిద రంగు ఇంజినూ వచ్చింది. ఎక్కువమంది కొన్నది మాత్రం ఎర్రముక్కుదే.

లక్క_పిడత: మా టీవీ స్టాండు మీద ఏటికొప్పాక రైలుంది. అంకుడు కర్ర లేతు మీద తిరుగుతుంటే లక్క ఆనిస్తారు. రాపిడి వేడికి కరిగి పట్టేస్తుంది. కర్ర ఎటు వంపు తిరిగితే రంగూ అటే. మీ ఇంజిన్‌దీ అదే కిటుకు. ముక్కు గుండ్రంగా ఉండబట్టే ఆ ఎరుపు అంత బాగుంది. పలక లాంటి ఇంజిన్‌కి వేస్తే తేలిపోతుంది.

నౌపడ_చిన్నరైలు: ఒప్పుకుంటా. మన పాత ఇటుకరంగు పెట్టెలు బకెట్లో ముంచి తీసినట్టుండేవి. అయినా నాకవే ఇష్టం, ఏం చేస్తాం! నౌపడ–గుణుపూర్ చిన్న లైను 2004లో ఆపి బ్రాడ్‌గేజ్ చేశారు. ఆ చిన్న పెట్టెల రంగేమిటని నేనూ అన్నయ్యా ఇప్పటికీ తగువులాడుకుంటాం. ఒక్క బొమ్మ ఉన్నా తేలిపోయేది.

ఆమదాలవలస_లూప్‌లైన్: మర్చిపోయా. దాని ట్రాన్స్‌ఫార్మర్ అమెరికాదైతే 110 వోల్టులది, మన 230లో నేరుగా పెట్టకండి. నేను పెట్టాను. పొగ వచ్చింది, ఇంజిన్‌లోంచి కాదు.

కోట_జంక్షన్: రంగు వద్దని చెప్పేశా. పొడి గుడ్డతో తుడిచానంతే. గుంటడు పట్టాలూ కరెంటూ లేకుండానే గచ్చు మీద తోసుకుంటున్నాడు. నౌపడ గారూ, ఇంతకీ మీ అన్నయ్య ఏ రంగంటారు?

నౌపడ_చిన్నరైలు: పచ్చ అంటాడు. కానే కాదు.