డీఎడ్ తరగతిలో గిరిజన పెద్దలే పాఠం చెప్పాలంటే ఎలా?

విశాఖలో డీఎడ్ (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ) విద్యార్థులకు పాడేరు, అరకు వైపు నుంచి కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పెద్దలతో పాఠాలు చెప్పించాలని ఉంది. గంట ఉపన్యాసంతో సరిపెడితే శాలువా కప్పి పంపేయడమే అవుతుంది, పాఠ్య ప్రణాళిక మారదు. అంశం పెద్దలే ఎంచుకోవాలి, మార్కుల్లోనూ వాళ్ల మాట చెల్లాలి. చోళ్లు (రాగులు), సామలు కొలిచే పద్ధతితో (4 మానికలు ఒక కుంచం) మూడో తరగతి లెక్కల పాఠం రాయించడం తొలి మెట్టు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్య (ఇంటి భాషతో బడి చదువు మొదలుపెట్టే పద్ధతి) మొదలైంది కదా, ఆనాటి వాచకాలు ఎక్కడ దొరుకుతాయి? డిగ్రీ లేని పెద్దలకు గౌరవ వేతనం ఏ పద్దు కింద ఇస్తున్నారు? ముఖ్యంగా, పెద్దలు చెప్పే మందు మొక్కల వివరాలు రాసుకునే ముందు ఊరి అనుమతి ఎలా తీసుకుంటున్నారు? ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.